పల్లెబడిలో పండుగలు, పిల్లల చేతిపని, ధర్మనిధి

గ్రామములలో పెద్దరికము వహించి నలుగురకు మంచిచెడ్డలు చెప్పగల మీవంటివారితో నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పైకి చూచుటకు చిన్నది. ప్రాథమిక పాఠశాలలలో జరుగు పండుగలు, ఆ పండుగలకై పిల్లలు చేయు చేతిపనులు, ఆ సందర్భమున పోగగు ధర్మనిధి, ఈ మూటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. బడిలో పండుగ యేమి, పాఠము చెడుట గాక, అని కొందరందురు. పండుగ లేని బడి బందెలదొడ్డి యని మరికొందరందురు. ఈ రెండు తెగలవారి మాటలలోను కొంత నిజమున్నది. ఏ పండుగ పిల్లవానికి పాఠమగును, ఏ పండుగ వానికి శిక్ష యగును, ఏ చందా ధర్మమగును, ఏ చందా పీడ యగును, అను వివేచనము చేయవలసినవారు ఉపాధ్యాయులు మాత్రమే కారు. బడికి వెన్నుదన్నుగా నిలిచిన గ్రామపెద్దలు కూడ చేయవలసియున్నది. అందుచేతనే ఈ ప్రసంగము మీ కొరకు.

మన తెలుగునాట ఈ మూడును ఒక్కచోట కలిసిన ఆచారమొకటి పూర్వమునుండి యుండెను. అది దసరానాటి పిల్లల ఊరేగింపు. మీలో వయసు మీరినవారు దానిని కన్నులార చూచియే యుందురు. తక్కినవారు తల్లిదండ్రుల నోట వినియుందురు. వీధిబడి పంతులుగారు శరన్నవరాత్రులలో పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికి వెళ్లెడివారు. పిల్లల చేతులలో వెదురుబద్దలతో చేసి రంగుకాగితములంటించిన విల్లంబులు, గిలకలు నుండెడివి. పూలరేకులును బుక్కాయును గృహస్థుపై చల్లుచు, పంతులుగారు నేర్పిన దసరా పద్యములను పిల్లలు గొంతెత్తి పాడెడివారు. గృహస్థు సంతోషించి అయ్యవారికి తన శక్తికొలది రూకలిచ్చి, పిల్లలకు పప్పుబెల్లములు పంచిపెట్టెడివాడు.

ఈ ఆచారములోని యంగములను విడదీసి చూతము. విల్లు చేయుట చేతిపని. వెదురును చీల్చుట, వంచుట, దారము బిగించుట, కాగితము కత్తిరించి అంటించుట పిల్లలు పెద్దల యొద్ద కూర్చుండి నేర్చుకొనుచుండిరి. పద్యములు పాడుట పరీక్ష. ఏడాది పొడుగున బడిలో ఏమి నేర్చితివని ఊరివారు ప్రత్యేకముగా అడుగనక్కరలేదు. పిల్లవాడు తప్పులేకుండ, తడబడకుండ, పదిమంది యెదుట నిలిచి పాడినచో ఆ ఏటి చదువు ఊరికి తెలిసిపోవును. ఇక మూడవది ద్రవ్యము. అది పంతులుగారి జీవనమునకు ఆధారము. నెలజీతమను మాట యెరుగని దినములలో, పిల్లల తల్లిదండ్రులిచ్చు కొద్దిపాటి రూకలు, గింజలు, పండుగ కట్నములు, ఇవియే ఆయన సంపాదన. దసరా వచ్చినదనగా గురువునకు బట్టలు వచ్చు కాలము వచ్చినదని యర్థము.

ఆ కాలపు బడుల స్థితి యెట్లుండెనో తెలుపు లెక్క యొకటి కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలలను గూర్చి విచారణ చేయించెను. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో తన నివేదికను పంపెను. అప్పటి బళ్లారి జిల్లాలో బడులు 533. వానిలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. చదువుకొను పిల్లలు 6,641 మంది. అనగా బడికి సుమారు పన్నెండుగురు మాత్రమే. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షలకు పైబడియుండగా, వేయిమందికి ఏడుగురు చొప్పున మాత్రమే బడికి వచ్చుచుండిరి. ఆడపిల్లలు జిల్లా యంతటను అరువదిమంది. పూర్వము బడులున్న అనేక గ్రామములలో ఇప్పుడు బడులు లేవనియు, దానికి ప్రజల దారిద్ర్యమే కారణమనియు ఆ కలెక్టరు వ్రాసెను.

ఈ లెక్క నేలనెత్తితినన, దసరా ఊరేగింపులోని అందమును మాత్రమే తలచుకొని నిట్టూర్చువారు దాని లోపమును మరువరాదు. ఆ ఊరేగింపులో ఆడపిల్లలు దాదాపు లేరు. అంటరానివారని దూరము నెట్టబడిన వాడలలోని బిడ్డలు లేరు. గిలకల ఊరేగింపు వారి వీధికి పోలేదు. విద్య చెప్పిన గురువు తన కూటికై శిష్యుల పాటను వెంటబెట్టుకొని తిరుగవలసివచ్చినది. ఒక్కొక్క లోగిలి ముందు పిల్లలు ఎండలో నిలిచి, లోపలివారు పలుకువరకు పాడుచునే యుండవలసివచ్చినది. సంతోషము, నేర్పు, వినయము ఒకవైపు. యాచన, నిరీక్షణ, వెలి మరియొకవైపు. ఆచారములోని పాలను గ్రహించి నీటిని విడుచుట మన పని.

కాలము మారినది. గురువుల జీతము ప్రజలు చెల్లించు పన్నులనుండి వచ్చుచున్నది. 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల ప్రతి బిడ్డకు ఉచిత విద్య హక్కుగా లభించినది. ప్రభుత్వపు బడులలో పాఠశాల యాజమాన్య కమిటీ యుండవలెననియు, అందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. బడికి వచ్చిన ధనమెట్లు వినియోగమగుచున్నదో కనిపెట్టుట ఆ కమిటీ పనులలో నొకటి. కావున గురువు జీవనమునకై పిల్లలు ఇల్లిల్లు తిరుగవలసిన యవసరము తొలగిపోయినది. అట్లయిన, బడిలో పండుగ చేయుటకును, ధర్మమునకై ధనము కూర్చుటకును ఇక ప్రయోజనమేమి? ప్రయోజనమున్నది. పూర్వము పిల్లలు తమ బడికై అడిగిరి. ఇప్పుడు తమకంటె కష్టములోనున్నవారికై అడుగుట నేర్చుకొనవచ్చును. ఇది చిన్న భేదము కాదు.

ముందుగా పండుగలకును చేతిపనులకును గల సంబంధమును చెప్పెదను. మన పండుగలు ఋతువులను అనుసరించి వచ్చును. ఋతువును బట్టి ఊరిలో దొరకు వస్తువులు మారును. ఆ వస్తువులతోనే పిల్లల చేతిపని సాగవలెను. పట్టణమునుండి తెచ్చిన మెరుపుకాగితములకు వందలు వ్యయము చేయుట పండుగ కాదు.

సంక్రాంతి నాటి ముగ్గును తీసికొనుడు. ఒక చుక్క, దాని క్రింద మూడు, ఆ క్రింద ఐదు, ఆ క్రింద ఏడు, మరల ఐదు, మూడు, ఒకటి. ఈ చుక్కలన్నియు కలిసి ఎన్ని? ఇరువదియైదు. బేసి సంఖ్యలను ఒకటి మొదలు వరుసగా కూడినచో వర్గసంఖ్యలు వచ్చునని మూడవ తరగతి పిల్లకు చెప్పిన తలకెక్కదు. ఒకటి, మూడు, ఐదు, ఏడు కలిసి పదునారు. నాలుగు నాలుగుల పదునారు. మిగిలిన ఐదు, మూడు, ఒకటి కలిసి తొమ్మిది; మూడు మూళ్ల తొమ్మిది. పదునారును తొమ్మిదియు ఇరువదియైదు. ఈ మాట ముగ్గుపిండి చేతబట్టిన పిల్లకు పెద్దగా చెప్పనక్కరలేదు, కన్నులకే కనబడును. ఈ విద్య మన యిండ్లలో అమ్మమ్మల వ్రేళ్లలో నున్నది. వారిని ఒకపూట బడికి పిలిచి గౌరవముగా కూర్చుండబెట్టి నేర్పుడని యడిగిన, సంతోషింపని అమ్మమ్మ యుండదు.

తెలంగాణమున బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యనాడు మొదలై తొమ్మిది దినములు సాగి సద్దుల బతుకమ్మతో ముగియును. 2014లో అది రాష్ట్రపు పండుగగా ప్రకటింపబడినది. గునుగుపూల కొసలకు రంగులద్ది, తంగేడు, బంతి, చేమంతి పూలను వరుసలు తీర్చి గోపురమువలె పేర్చుటలో ఎంత కొలత, ఎంత ఓరిమి యున్నదో చేసినవారికి తెలియును. అడుగువరుస వెడల్పు తగ్గినచో పైవరుసలు ఒరిగిపోవును. ఏ పూవు ఏ గట్టున పూయును, ఏ చెరువు నీటిలో దానిని విడుతురు, ఆ చెరువు శుభ్రముగా నున్నదా, అను ప్రశ్నలన్నియు బతుకమ్మ వెంట బడిలోనికి వచ్చును.

వినాయకచవితికి చెరువుమట్టితో బొమ్మను చేయుట పిల్లలకు చేతనగును. మట్టిబొమ్మ నీట కరగి మరల మట్టియగును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ అట్లు కరగక, దాని రంగులతోకూడ చెరువునకు హాని చేయును. ఆ దినమున కోయు ఇరువదియొక్క విధముల పత్రిలో గరిక, ఉత్తరేణి, వావిలి, జమ్మి, మద్ది మొదలైన ఆకులున్నవి. ఇవి యేవో చూపగల పెద్దలు ఊరిలో నానాటికి తగ్గుచున్నారు. చూపునప్పుడే మరియొక మాటయు చెప్పవలెను. ఆ పత్రిలోని ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషముగల మొక్కలు. తాకిన చేతిని కడుగుకొనక నోటబెట్టరాదు, కంట తుడువరాదు. పండుగ నేర్పిన ఈ జాగ్రత్త పుస్తకము నేర్పినదానికంటె బలముగా నిలుచును.

ఇచట నొక హెచ్చరిక. బడి అందరిది. అందు హిందువుల బిడ్డలు, మహమ్మదీయుల బిడ్డలు, క్రైస్తవుల బిడ్డలు నొక్క బల్లపై కూర్చుందురు. పూర్తిగా ప్రభుత్వధనముతో నడుచు విద్యాలయములలో మతబోధ చేయరాదని మన రాజ్యాంగపు 28వ అధికరణము శాసించుచున్నది. కావున బడిలో మనము చేయవలసినది పూజ కాదు. పండుగలోని కళను, కథను, పాటను, పనిని మాత్రమే గ్రహింపవలెను. ముగ్గు వేయుట, మట్టి పిసుకుట, నక్షత్రపు దీపమును కాగితముతో చేయుట, రంజాను నాటి సేమ్యా పాయసమును పంచుకొనుట, ఇవి అన్ని యిండ్ల బిడ్డలును కలిసి చేయదగినవి. పీర్లపండుగనాడు మతభేదము లేక ఊరంతయు కూడు గ్రామములు తెలుగునాట అనేకములున్నవి. ఆ పెద్దమనసు బడిలో కొరవడరాదు.

చేతిపనులలో మనకు గురువుల కొరత లేదు. విజయవాడకు సమీపమునగల కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికించి రంగులు వేయుదురు. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రను తిరుగుడుపట్టి, లక్క రంగులెక్కించి నున్నని బొమ్మలు చేయుదురు. ధర్మవరము ప్రాంతమున నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. అంత దూరము పోనక్కరలేదు. మీ ఊరి కుమ్మరి సారెపై పిల్లవాడు ఒక ప్రమిద చేయగలిగిన నాడు, ఆ కుమ్మరి ఆ పిల్లవానికి గురువగును. తాళ్లు పేనువారు, బుట్టలల్లువారు, మగ్గము నేయువారు బడి గడప లోపలికి వచ్చి, ఉపాధ్యాయుని ప్రక్కన కుర్చీపై కూర్చుండి పని నేర్పుట పిల్లలు చూడవలెను. ఎవరి చేతిపనిని మనము చులకనగా చూచితిమో వారిని పిల్లలు అయ్యా యని పిలుచుట ప్రారంభించిన, ఊరిలో ఏ యుపన్యాసమును చేయలేని మార్పు కలుగును.

ఇక ధర్మనిధి మాట. శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు స్థాపించిన విద్యాలయములో ఆనందబజారను సంత యొకటి జరుగును. శరత్కాలపు సెలవులకు ముందు, మహాలయ దినమున, విద్యార్థులే అంగడులు పెట్టి తాము చేసిన వస్తువులను, వండిన పదార్థములను అమ్ముదురు. వచ్చిన ధనము బీదల సహాయమునకు పోవును. దీనిలోని కీలకమును గమనింపుడు. పిల్లవాడు చేయిచాచుట లేదు. తన శ్రమను అమ్మి, ఆ ఫలమును దానము చేయుచున్నాడు. తండ్రి జేబునుండి తెచ్చి యిచ్చిన పదిరూపాయలు తండ్రి దానము. తాను చేసిన కాగితపు పూలమాల అమ్మి యిచ్చిన పదిరూపాయలు బిడ్డ దానము.

మన పల్లెబడిలో ఇట్టి సంతను పెట్టుటెట్లో ఒక ఉదాహరణముతో చెప్పెదను. అరువదిమంది పిల్లలున్న బడి యనుకొందము. రంగుకాగితములు, జిగురు, దారము కొనుటకు నాలుగువందల రూపాయలు, వెదురునకు నూటయేబది, నిమ్మకాయలకును పంచదారకును మూడువందలయేబది, వెరసి తొమ్మిదివందలు ఖర్చనుకొందము. మట్టి చెరువుది, దానికి వెల లేదు. సంతనాడు తోరణములు, పూలమాలలు అమ్మగా వేయిన్నియేబది, ప్రమిదలు అమ్మగా ఏడువందలు, నిమ్మరసము అమ్మగా తొమ్మిదివందలయేబది వచ్చినవనుకొందము. మొత్తము రెండువేల యేడువందలు. ఇందు ముందుగా తొమ్మిదివందలు అప్పిచ్చినవారికి తిరిగి చెల్లింపవలెను. మిగిలిన పదునెనిమిదివందలు ధర్మనిధి. ఈ లెక్కను ఐదవ తరగతి పిల్లలే నల్లబల్లపై వ్రాయవలెను. పెట్టుబడి యేమి, రాబడి యేమి, మిగులు ఏమి, అను మూడు మాటలు ఒక్కదినమున అర్థమగును. రెండువేల యేడువందలు దానము చేసితిమని గొప్ప చెప్పుకొనరాదనియు వారికి తెలియును. ఇట్టి లెక్క చేసిన పిల్లవాడు పెరిగి పెద్దవాడై పంచాయతీ లెక్కలు చూచునాడు ఎవరును వానిని తేలికగా మోసగింపజాలరు.

ఈ నిధి యెవరికి పోవలెను? దేశమున ఏర్పడిన మార్గములు కొన్ని కలవు. 1949నుండి ఏటేట డిసెంబరు 7వ తేదీని సాయుధదళముల పతాకదినముగా జరుపుచున్నారు. ఎరుపు, ముదురునీలము, లేతనీలము రంగులుగల చిన్న పతాకముల నిచ్చి చందాలు స్వీకరింతురు. ఆ ధనము యుద్ధమున మరణించినవారి కుటుంబములకు, అంగవైకల్యము పొందిన సైనికులకు, మాజీ సైనికులకు ఉపకరించును. 1962నుండి సెప్టెంబరు 5వ తేదీ, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినము, ఉపాధ్యాయదినముగా జరుగుచున్నది. ఆయన 1931 మొదలు 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండెను. ఇట్టి దినములు కాక, దగ్గరి కష్టములును ఉన్నవి. ఇల్లు కాలిన కుటుంబము, దీర్ఘరోగముతో మంచముపట్టిన కూలి, ఊతకర్ర లేక బడికి రాలేని పిల్లవాడు, వీరు మన కంటియెదుటనే యుందురు. దగ్గరి కష్టమునకు సాయము చేయునప్పుడు పుచ్చుకొనువారి పేరును బడిలో చాటరాదు. వారి బిడ్డయు ఆ బడిలోనే చదువుచుండును గదా!

ధర్మమునకై యడుగుట అవమానము కాదని మన చరిత్రయే చెప్పుచున్నది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి పదివేలకు పైగా జనులు మరణించినప్పుడు, సినీనటులైన నందమూరి తారకరామారావుగారును అక్కినేని నాగేశ్వరరావుగారును జోలెపట్టి బాధితులకై విరాళములు సేకరించిరి. తమకై అడుగనివాని జోలెకు సిగ్గు లేదు.

పిల్లలు ధర్మనిధిని కూర్చగలరా యని సందేహించువారికి దుర్గాబాయి కథ చాలును. 1921లో గాంధిమహాత్ముడు కాకినాడకు రానున్నాడని వినినప్పుడు ఆమెకు పన్నెండేండ్లు నిండలేదు. దేవదాసీలును, పరదాలోనుండు మహమ్మదీయ స్త్రీలును ఆయన మాట వినవలెనని ఆమె తలచినది. నిధికి ఐదువేల రూపాయలు కూర్చి యిచ్చినచో కొద్ది నిమిషములు ఏర్పాటు చేయుదుమని నిర్వాహకులు చెప్పిరి. ఆ బాలిక ఆ స్త్రీల యొద్దకు పోయి సంగతి చెప్పగా వారే ఆ ద్రవ్యమును సమకూర్చిరి. సభ జరిగినది. గాంధిగారి మాటలు విని ఆ స్త్రీలు తమ నగలను సైతము ఒలిచి యిచ్చిరి. మొత్తము ఇరువదియైదువేల రూపాయల వరకు చేరినదని దుర్గాబాయి తన స్వీయచరిత్రములో చెప్పుకొన్నది. లోకము చిన్నచూపు చూచిన స్త్రీల యొద్దకు పోవుటకు ఆ పిల్ల సంకోచింపలేదు. ఎవరికై, ఎందుకై అడుగుచున్నానో ఆమెకు స్పష్టముగా తెలియును. వచ్చిన ధనము ఎవరి చేతికి చేరవలెనో తెలియును. ఈ మూడు గుణములే బడిలోని ప్రతి ధర్మనిధికి మూలస్తంభములు.

ఇక జాగ్రత్తలు చెప్పెదను. వీనిని పాటింపనిచో నేను చెప్పినదంతయు తలక్రిందులగును.

మొదటిది, పిల్లవానికి ఇంత తెమ్మని పరిమాణము విధింపరాదు. రేపు ఇరువది రూపాయలు తేనివాడు నిలుచుండవలె నన్న మాట ఒక్కటి చాలును, కూలివాని కొడుకు మరునాడు కడుపునొప్పి యని బడి మానివేయుటకు. వాడు మరల వచ్చునో రాడో! ధర్మము పేరిట ఒక బిడ్డ చదువు పోయినచో ఆ ధర్మము ఎవరిని ఉద్ధరించినట్లు? మానసికముగా వేధించుట కూడ చట్టము నిషేధించిన శిక్షయే. కావున మూతగల హుండీ యొకటి పెట్టుడు. వేసినవాడెవడో వేయనివాడెవడో తెలియకూడదు. ధనము లేనివాడు సంతలో నీరు మోసినను, తోరణము కట్టినను అది ధనముతో సమానమే.

రెండవది, వేషముల వ్యయము. నాటకమున రాజువేషము పట్టుబట్టలున్న ఇంటి బిడ్డకే, చెట్టువేషము చినిగిన చొక్కాయివానికే దక్కుచున్న బడులు లేకపోలేదు. వేషములను బడిలోనే కాగితముతో, అట్టతో, పాతచీరలతో చేయవలెను. పాత్రలను చీట్లువేసి పంచుట మేలు. నడువలేని పిల్లవాడు, మాట తడబడు పిల్ల, కొత్తగా వలసవచ్చిన కుటుంబపు బిడ్డ, వీరికి తప్పక ఒక పని యుండవలెను. తెర లాగుట, తాళము వేయుట, కథకు వెనుకపాట పాడుట, ఏదియు చిన్నది కాదు.

మూడవది, ముఖ్య అతిథికై నిరీక్షణ. పది గంటలకని చెప్పిన సభకు అధ్యక్షులు ఒంటిగంటకు వచ్చిన, ముఖములకు రంగులు పూసుకొన్న పిల్లలు మూడుగంటలు ఎండలో దాహముతో నిలుతురు. వెనుకటి లోగిళ్ల ముందటి నిరీక్షణమునకును దీనికిని భేదమేమి? పెద్దలు రాకున్నను చెప్పిన వేళకు పండుగ మొదలుపెట్టవలెను. మన యుపన్యాసములు ఐదేసి నిమిషములలో ముగియవలెను. ఆనాడు సభ మనది కాదు, వారిది.

నాలుగవది, లెక్క. హుండీని ఉపాధ్యాయుడొక్కడే విప్పరాదు. యాజమాన్య కమిటీలోని తల్లి యొకతె, ఉపాధ్యాయుడు, ఇద్దరు పెద్దపిల్లలు కలిసి లెక్కింపవలెను. మొత్తమును, ఎవరికి పంపిరో ఆ వివరమును బల్లపై వ్రాయవలెను. రసీదు వచ్చిన దినమున దానిని పిల్లలందరకు చదివి వినిపింపవలెను. దాతల పేర్లను ఎక్కువ యిచ్చినవారినుండి తక్కువ యిచ్చినవారి వరకు వరుసగా చదువు అలవాటును మానివేయవలెను. మన ఊళ్లలో అనేక కక్షలకు అంకురము ఆ పట్టికలోనే పడుచున్నది.

ఐదవది, పిల్లలను ఒంటరిగా వీధులలోనికి, రోడ్డుమీదికి, బస్సులకడకు హుండీలతో పంపరాదు. సంత బడి ఆవరణములోనే జరుగవలెను. ఊరే బడికి రావలెను. ఇందు మరియొక లాభమున్నది. ఏడాదికొక్కసారియైన బడి లోపలికి అడుగుపెట్టిన గ్రామస్థుడు అచట కప్పు కారుచున్నదో, నీటికుండ నిండియున్నదో, ఆడపిల్లలకు మరుగుదొడ్డి యున్నదో చూచును. నేడు అనేక గ్రామములలో తెల్లవారకమునుపే పట్టణపు బడుల బస్సులు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోవుచున్నవి. ఊరిబడిలో పిల్లల సంఖ్య తరుగుచున్నది. బడి మూతపడిన పిమ్మట విచారించుటకంటె, తెరచియున్నప్పుడే దాని ముంగిట ముగ్గు వేయుట మేలు గదా!

రేడియోకును పిల్లల పండుగలకును పాత చుట్టరికమున్నది. న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా బాలానంద కార్యక్రమములు నడిపి, పిల్లలచేతనే పాటలు పాడించి, నాటికలాడించి, 1945లో బాల యను మాసపత్రికను స్థాపించిరి. పిల్లలకు పెద్దలు చెప్పుట మాత్రమే కాదు, పిల్లలు చెప్పగా పెద్దలు వినుటయు విద్యయేనని ఆ దంపతులు తెలుగువారికి చూపిరి. మీ ఊరి బడిలో జరుగు పండుగలో మీరు చేయవలసిన మొదటి పనియు అదియే. ముందువరుసలో కూర్చుండి వినుడు.

తరువాత చేయవలసినవి కొన్ని కలవు. మీకు వచ్చిన దసరా పద్యములను, కోలాటపు పాటలను, పొడుపుకథలను పిల్లలచే వ్రాయించుడు. మీతో అవి పోకూడదు. వెదురువిల్లు చేయుట ఎరిగిన ముసలివాడు ఊరిలో ఒక్కడున్నను అతనిని బడికి తోడ్కొనిపొండు. ఈసారి ఆ విల్లు ఆడపిల్లల చేతికిని ఇండు. దసరా ఊరేగింపు జరిపినచో అన్ని వాడలకు పోవునట్లు చూడుడు. ప్రతి గడప ముందును పిల్లలు పాడి, పూలు చల్లి, ఏమియు అడుగక ముందునకు సాగవలెను. ఇచ్చువారు బడికి వచ్చి హుండీలో వేయుదురు గాక. పప్పుబెల్లములు మాత్రము ఎవరు పెట్టినను కాదనవలదు. వానిని అందరు పిల్లలును ఒక్క పళ్లెమునుండి పంచుకొని తినునట్లు చేయుడు.

పండుగ ముగిసిన మరునాడు బడి ముంగిలిలో కాగితపు ముక్కలు, ఎండిన పూలు మిగులును. వానిని ఊడ్చుటయు పిల్లల వంతే. కాని వారి మనస్సులలో మిగులునది వేరు. నా చేతులతో నేనొక వస్తువు చేసితిని, అది ఒకరికి నచ్చినది, దానివలన ఎరుగనివాడొకడు సుఖపడినాడు, అను జ్ఞానము ఏ పరీక్షలోను అడుగబడదు. కాని ఆ జ్ఞానము లేక తక్కిన పరీక్షలన్నియు నెగ్గినవాడు ఊరికి కొరగాడు. ఈ యేటి దసరాకు మీ బడిలో మొదటి తోరణము కట్టునాడు మీరచట నుందురు గాక!